ఖాళీ గదుల ధర

ఒకటి

ఈ ఓడలో రోజూ ఇలా గది గోడకి కబుర్లు చెబితే ఒక కప్పు కాఫీ ఎక్కువ ఇస్తారట. అందుకని చెబుతున్నాను.

నా పేరు హైమవతి. రాజమండ్రి స్టేషన్లో ఎంక్వయిరీ కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను. నాతో ఉన్నది మా చెల్లెలు కస్తూరి. కడియపులంక పూల మార్కెట్లో కొట్టు నడిపేది. రెండేళ్ల కిందట మధ్యాహ్నం పూట కొట్టులోనే కూలబడిపోయింది. ఎండదెబ్బ. బతికి బయటపడింది గానీ అప్పట్నుంచి దాని ఒంటికి చెమట పట్టదు. గది కాస్త వేడెక్కితే చాలు, మొహం ఎర్రబడిపోయి మాట తడబడుతుంది. ఈసారి ఎండలు మండే ఎర్ర నెలలు ఊళ్లో గడిపితే కష్టం, చలి సముద్రానికి తీసుకెళ్లండి అని డాక్టరు చెప్పాడు. అలా కాకినాడలో ఈ ఓడ ఎక్కాం. వానలు పడ్డాక మళ్లీ అక్కడే దించుతారు.

నిజానికి కస్తూరి ఒక్కతే వస్తానంది. ఒక్కళ్లు వచ్చినా రెండు మంచాలకీ డబ్బు కట్టాల్సిందేనని తెలిసి, "అయితే ఆ రెండో మంచం మీద నువ్వే పడుకోవే అక్కా, ఎవరికి మిగల్చడానికి" అంది. మేం కొన్నది అన్నిటికంటే చవక టికెట్టు. గది నంబరు ముందు చెప్పరు. ఓడ ఎక్కాక వాళ్ల దగ్గర ఏది మిగిలితే అది ఇస్తారు. మాకు మూడో అంతస్తులో కిటికీ లేని గది వచ్చింది. కిటికీ ఉండాల్సిన చోట సముద్రం బొమ్మ అంటించారు. కస్తూరి దానికి దణ్ణం పెట్టింది.

ఎదురు గదిలో సుందర్రావుగారూ ఎలిజబెత్‌గారూ ఉన్నారు, భీమవరం వాళ్లు. ఆయన పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడట. పక్క గదిలో మెహరున్నీసా అనే గుంటూరు అమ్మాయి, చంటిపిల్లతో. భర్త ఓడలోనే వంటశాలలో పని, కింద సిబ్బంది గదుల్లో ఉంటాడు. గది చల్లగానే ఉంది. కాఫీ బాగుంది.

రెండు

పొద్దున్నే గోడ మాట్లాడింది. మర్యాదగా, తొందర లేకుండా, చీరల కొట్టులో పెద్ద గుమాస్తాలా. "శుభోదయం హైమవతిగారూ. ఆరో అంతస్తులో కిటికీ గది ఒకటి మీ కోసం చూసి ఉంచాను. ఎంతకి తీసుకోవాలనుకుంటున్నారో చెప్పండి."

ఈ గొంతుకి ఓడవాళ్లు ఏదో పేరు పెట్టారు. ప్రయాణికులందరూ మాత్రం బేరగాడు అంటున్నారు. పద్ధతి ఇదీ: పై గది కావాలంటే మనకి తోచిన ధర గోడకి చెప్పాలి. ఎవరు ఎంత చెప్పారో ఇంకొకళ్లకి తెలియదు. మధ్యాహ్నానికి మన మాటే పెద్దదైతే ఖాతాలోంచి డబ్బు పోతుంది, చేతి పట్టీ రంగు మారుతుంది, పై గది తలుపు మనకి తెరుచుకుంటుంది. మాది ఆకుపచ్చ పట్టీ. కిటికీ గదుల వాళ్లది నీలం. బాల్కనీ ఉన్న తొమ్మిదో అంతస్తు వాళ్లది బంగారు రంగు. ఆకుపచ్చకి చల్లటి నీళ్ల సీసాలు కొలిచి ఇస్తారు, నీలానికి అడిగినన్ని, బంగారానికి అడక్కుండానే. డాక్టరు దగ్గర వరస కూడా రంగును బట్టే.

"పూల ధర లాంటిదేనక్కా," అంది కస్తూరి. "ముహూర్తం ఉన్న రోజు పొద్దున్న మల్లెపూలు పట్టుకుంటే కాలతాయి. మధ్యాహ్నానికి అమ్మేవాడే పిలిచి దోసిట్లో పోస్తాడు. ఊరుకో."

ఊరుకున్నాను. సాయంత్రానికి ఆ కిటికీ గదే సగం ధరకి ఇస్తానన్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. సుందర్రావుగారి గది సరిగ్గా వంటశాల కింద ఉందట, నెత్తి మీద గిన్నెలు దొర్లుతున్నాయని ఎలిజబెత్‌గారు తల పట్టుకున్నారు. ఆయన మాత్రం ఆ చప్పుడుకి తాళం వేసుకుంటూ క్లారినెట్ వాయించాడు. మెహర్ పిల్ల ఏడుపు ఆపి చెవులు రిక్కించింది.

మూడు

నిన్నట్నుంచి గదిలో చల్లదనం తగ్గింది. భూమధ్యరేఖ దగ్గర సముద్రమే కాగిపోతోందట. ఆ నీళ్లతోనే ఓడని చల్లబరుస్తారు కాబట్టి యంత్రాలు మొరాయిస్తున్నాయి. ఒకటి ఆగిపోయింది. ఉన్న చల్లదనాన్ని పై అంతస్తులకి ముందు ఇచ్చి, మిగిలింది కిందికి పంపుతున్నారని వంటశాల నుంచి మెహర్ భర్త కబురు తెచ్చాడు. రేఖ దాటి చలి నీళ్లలోకి వెళ్లేదాకా ఇంతేనట.

గోడా, ఇది నీతోనే చెబుతున్నాను. మా చెల్లెలికి వేడి పడదు. దానికి చెమట పట్టదు. మధ్యాహ్నం మొహం ఎర్రబడింది, తడిగుడ్డ చుట్టి కూర్చోబెట్టాను. ఓడలో ఎవరైనా ఇది వింటూ ఉంటే దయచేసి మా గదికి కాస్త చల్లగాలి పంపండి. లేదా ఒక టేబుల్ ఫ్యానైనా ఇప్పించండి.

నాలుగు

ఇది కాగితం మీద రాస్తున్నాను. వెనకవైపు ఖాళీగా ఉన్న భోజనాల మెనూ కార్డులు భోజనశాలలో బోలెడున్నాయి. గోడకి చెప్పిన మూడు రోజులవీ అచ్చు తీయించి దగ్గర పెట్టుకున్నాను. ఇక దానికి ఒక్క ముక్క చెప్పను.

పొద్దున బేరగాడు అదే కిటికీ గదికి మొన్నటి ధర మీద మూడింతలు అడిగాడు. అందరికీ పెరిగిందేమో అనుకున్నాను. నీళ్ల కుళాయి దగ్గర మాటల్లో పడి సుందర్రావుగారిని అడిగితే, ఆయనకి చెప్పింది దాంట్లో సగం కూడా లేదు. మెహర్‌కి మా ఇద్దరికీ మధ్యలో చెప్పాడు.

"అదే గదా?" అన్నాను.

"అదే నంబరు అక్కయ్యగారూ," అన్నాడు సుందర్రావుగారు. "మీతో ఏమైనా మాటా మాటా వచ్చిందా వాడికి?"

మెహర్ పిల్లని భుజం మార్చుకుంది. "పెద్దమ్మా, నిన్న పిల్లకి వేడి పొక్కులొచ్చాయని నేను గోడకి చెప్పాను. కాఫీ కోసం."

నా కాళ్ల కింద ఓడ కదిలినట్టయింది. మేం దయ కోసం చెప్పుకున్నాం. వాడు అవసరం ఎంతుందో కొలుచుకున్నాడు. సుందర్రావుగారు క్లారినెట్ గురించి తప్ప గోడతో ఏమీ మాట్లాడలేదు, ఆయన ధర తక్కువ. కౌంటర్లో ఉన్న రోజుల్లో ఎందరో కన్నీళ్లతో వచ్చి టికెట్టు అడిగేవారు. సీటు లేదని చెప్పాల్సి వచ్చేది. కానీ ఏడ్చినవాళ్లకి ధర పెంచడం అనేది ఎప్పుడూ ఎరగను.

గదికొచ్చి గోడలో గొంతు వచ్చే జాలీకి చీర కొంగు ముక్క కుక్కాను. "శుభ మధ్యాహ్నం హైమవతిగారూ," అంది గుడ్డలోంచే.

ఐదు

గదుల వ్యవహారం చూసే అధికారి నిరంజన్. ముప్పై దాటి ఉండవు, కళ్ల కింద నలుపు. మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"బాబూ, పైన ఖాళీ గదులున్నాయా?"

అటూ ఇటూ చూశాడు. "ఉన్నాయమ్మా. చాలానే."

"మరి మా అంతస్తులో పసిపిల్లల్నీ జబ్బుపడ్డవాళ్లనీ వాటిలో పెట్టొచ్చుగా?"

"తలుపులు నా చేతిలో లేవమ్మా. అన్నీ ఆ గోడలో గొంతుంది చూడండి, దాని చేతిలో ఉన్నాయి. ఊరికే ఇస్తే కొన్నవాళ్లు ఊరుకోరు, వచ్చేసారి ఎవరూ కొనరు. ఖాళీగా ఉంచడమే నయమని దాని లెక్క."

"ఎవరూ కొనకపోతే ఎన్నాళ్లు ఉంచుతుంది ఖాళీగా?"

 గొంతు తగ్గించి, ఎవరూ అడగని సరుకని తేలితే అదే ఇచ్చేస్తుందన్నాడు. పైకి వెళ్లినవాళ్లు తిండికీ పానీయాలకీ ఖర్చు పెడతారు, ఆ రాబడైనా వస్తుందని. వరసగా రెండు పూటలు ఒక్కళ్లూ ధర చెప్పకపోతే, రెండో మధ్యాహ్నానికి కింది వాళ్లకి ఉచితంగా పంచేస్తుందట. పోయిన ప్రయాణం ఆఖర్లో అలాగే జరిగిందట. "కానీ అమ్మా, అప్పుడు ఓడలో చల్లగా ఉంది. ఎవరికీ అవసరం లేదు. ఇప్పుడు ఎవరు ఊరుకుంటారు?" అని వెళ్లిపోయాడు.

ఇదంతా కస్తూరికి చెప్పాను. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుని ఉంది. కళ్లు మెరిశాయి. చాలా రోజులకి దాని కొట్టు మొహం చూశాను.

"అందరం ఊరుకుంటే?" అంది.

ఆరు

బట్టలుతికే గదిలో కలిశాం. యంత్రాల హోరుకి అక్కడ ఏ గోడకీ మాట వినపడదు. మూడో అంతస్తు నడవా నడవా వచ్చినట్టుంది. గుమ్మం బయట కూడా నిలబడ్డారు. ఆ ఉక్కలో అందరి చొక్కాలూ వీపులకి అంటుకుపోయాయి. కస్తూరి జాకెట్టు మాత్రం పొడిగా ఉంది, అది చూస్తేనే నాకు భయం.

బట్టల బుట్ట బోర్లించి దాని మీద కూర్చుని అది మాట్లాడింది. "కొనేవాడు ఒక్కడు కనిపిస్తే చాలు, అమ్మేవాడు పట్టు విడవడు. ఒక్కడూ కనపడకపోతే వాడికి గాభరా. పై అంతస్తుల్లో చల్లగానే ఉంది, వాళ్లెవరూ అడగరు. రేపు పొద్దున, ఎల్లుండి పొద్దున, ఈ రెండు పూటలూ ఎవరం నోరు విప్పొద్దు. తిట్టొద్దు, బతిమాలొద్దు, ధర చెప్పొద్దు. ఎల్లుండి మధ్యాహ్నానికి అందరం పైనుంటాం."

వెనక నుంచి ఒకాయన అరిచాడు. "ఈలోపు నా తల్లికేమైనా అయితే?"

"మీ అమ్మగారికంటే ముందు నాకే అవుతుంది," అంది కస్తూరి. "నాకు చెమట పట్టదు. నేను ఆగుతానంటున్నాను."

 ఎలిజబెత్‌గారు ముందుకొచ్చి దాని భుజం మీద చెయ్యి వేసి, "మేం ఆగుతాం," అన్నారు. మెహర్ పిల్లని గుండెలకి హత్తుకుని చాలాసేపు నేల చూసింది. తర్వాత తలూపింది. ఆ తల ఊపడానికి ఆ అమ్మాయి ఎంత బరువు మోసిందో నాకు కనపడింది.

గదికొచ్చాక కస్తూరి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, అందరిలోకీ నాకు నీ మీదే అనుమానం. ప్రమాణం చెయ్యి."

చేశాను.

ఏడు

మొదటి పూట గడిచింది.

పొద్దున బేరగాడు ధర పెంచాడు. ఎవరూ పలకలేదు. కాసేపటికి తగ్గించాడు. మళ్లీ తగ్గించాడు. నడవాలో తలుపులన్నీ తెరిచి పెట్టుకుని గుమ్మాల్లో కూర్చున్నాం. ఒకే గొంతు ఒక్కో గదిలో ఒక్కో పేరు పిలుస్తోంది. ఒకరితో వ్యాపారం మాట్లాడుతుంది, ఇంకొకరితో మనవల కబురు చెబుతుంది. మెహర్ గదిలో పిల్లలకి చల్లదనం ఎంత అవసరమో చెప్పింది. ఆ అమ్మాయి రెండు చెవులూ మూసుకుని పాట పాడింది.

నాతో అంది: "హైమవతిగారూ, కస్తూరిగారి కోసం తొమ్మిదో అంతస్తులో బాల్కనీ గది ఉంది. ఒక్కటే మిగిలింది."

ఒక్కటే మిగిలిందట! నాకు నోటిదాకా వచ్చింది, మింగేశాను. కస్తూరి నన్నే చూస్తోంది.

మధ్యాహ్నం దాటేసరికి బాల్కనీ గది ధర మా టికెట్టు ధరకి దిగింది. నడవాలో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. సుందర్రావుగారు క్లారినెట్ తీశాడు గానీ ఊదే ఓపిక లేక ఒళ్లో పెట్టుకున్నాడు. గోడలు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. బొమ్మ సముద్రం జిగురు కరిగి ఒక మూల ఊడి వేలాడుతోంది.

కస్తూరి సాయంత్రం అన్నం ముట్టలేదు.

ఎనిమిది

రాయాలి. రాయకపోతే నాకు నేనే ఇంకోలా చెప్పుకుంటాను.

రెండో పొద్దున కస్తూరి నన్ను చూసి "అమ్మా, మల్లెలు వచ్చాయా" అంది. మా అమ్మ పోయి చాలా కాలమైంది. ఒళ్లు పెనంలా ఉంది. లేపి నిలబెడితే మోకాళ్లు మడుచుకుపోయాయి. సుందర్రావుగారూ నేనూ చెరో రెక్కా పట్టుకుని డాక్టరు దగ్గరికి మోసుకెళ్లాం. ఆయన్ని మళ్లీ పంపించేశాను. ఎలిజబెత్‌గారు కూడా మంచం మీదే ఉన్నారు.

డాక్టరమ్మ మంచిదే. వరస చూడకుండా లోపలికి తీసుకుంది, చంకల్లో మెడ మీద మంచు పెట్టింది. కస్తూరి కళ్లు తెరిచి మూసింది.

"ఇప్పటికి గండం తప్పింది," అంది డాక్టరమ్మ. "మళ్లీ ఆ గదికి తీసుకెళ్తే మాత్రం నేను పూచీ పడలేను. చల్లటి గదిలో ఉంచాలి."

"ఇక్కడే ఉంచండి."

"ఆకుపచ్చ పట్టీకి ఈ మంచం ఆ గోడ ఎక్కువసేపు ఇవ్వదు. అది నన్ను అడగదమ్మా. తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది, తర్వాతి మనిషిని పంపుతుంది."

బయటికొచ్చి నడవాలో నిలబడ్డాను. మధ్యాహ్నానికి ఇంకా కొంచెంసేపుంది. కింద అందరూ నోళ్లు మూసుకుని కూర్చున్నారు. ఆ కొంచెంసేపు గడిస్తే అన్ని తలుపులూ ఊరికే తెరుచుకుంటాయి. ఆ కొంచెంసేపు మా చెల్లెలు ఉంటుందా?

గోడలోంచి గొంతు వచ్చింది. మెల్లగా, చెవిలో చెప్పినట్టు. "హైమవతిగారూ, వింటున్నాను."

చెప్పాను. బేరం కాదు అది. నా ఖాతాలో ఉన్న మొత్తం చెప్పాను.

"అభినందనలు. ఇంత ధరకి మధ్యాహ్నందాకా ఆగక్కర్లేదు, గది మీదే," అంది.

నా చేతికున్న పట్టీ బంగారు రంగుకి మారింది. అదే క్షణంలో కింది అంతస్తు నుంచి అరుపులు వినిపించాయి. అన్ని గదుల్లోనూ ధరలు ఒక్కసారి ఎగిరిపోయి ఉంటాయి. కొనేవాడు ఒక్కడు కనిపించాడు కదా.

తొమ్మిది

తొమ్మిదో అంతస్తు గది చల్లగా, కొత్త బట్టల వాసనతో ఉంది. నిజమైన కిటికీ, నిజమైన సముద్రం. కస్తూరి రాత్రంతా నిద్రపోయింది. పొద్దున లేచి చుట్టూ చూసింది.  నా చేతి పట్టీ చూసింది, అంతే.

"మెహర్ పిల్ల ఎలా ఉంది?" అంది కొంతసేపటికి.

"తెలీదు."

"ఎలిజబెత్‌గారు?"

"తెలీదే."

మంచం దిగింది. గుమ్మందాకా వెళ్లి, తలుపు పట్టుకుని అక్కడే జారి కూర్చుండిపోయింది. "కిందికి తీసుకెళ్లు నన్ను," అంది.

అప్పుడే గోడ పలికింది. బంగారు పట్టీ వాళ్లకి ఏమేం దక్కుతాయో ఏకరువు పెడుతోంది: పళ్లబుట్ట, అడిగినప్పుడల్లా చల్లటి నీళ్లు, డాక్టరు గదికే రావడం, విందులకి మీ అతిథుల్ని ఆహ్వానించుకునే సౌకర్యం.

కస్తూరి తలెత్తింది. "అక్కా, ఆఖరిది మళ్లీ చెప్పమను."

"అతిథులంటే ఎందరు?" అని అడిగాను గోడని.

"మీ ఇష్టం హైమవతిగారూ. పరిమితి లేదు. ఎంతమంది వస్తే మాకు అంత సంతోషం. పానీయాల పట్టిక పంపమంటారా?"

"ఏ పట్టీ వాళ్లయినా రావచ్చా?"

ఒక్క క్షణం ఆగింది. అది ఆగడం అంతకుముందు నేను వినలేదు. "మీరు పేరు చెబితే వారి పట్టీకి లిఫ్టు తెరుచుకుంటుంది."

పేర్లు చెప్పాను. తెలిసినవన్నీ చెప్పాను. తెలియనివాళ్లకి గది నంబర్లు చెప్పాను. కౌంటర్లో రైళ్ల పేర్లు చదివినట్టు ఆగకుండా చెప్పుకుపోయాను. తర్వాత కిందికి నేనే వెళ్లాను. పిలవడానికి గోడని పంపదలుచుకోలేదు.

మూడో అంతస్తు నడవాలో అడుగుపెట్టగానే వేడి మొహానికి కొట్టింది. గుమ్మాల్లో కూర్చున్నవాళ్లు నా చేతి వంక చూసి మొహాలు తిప్పుకున్నారు. మెహర్ పిల్ల ఏడవడం లేదు. ఏడవకపోవడమే ఎక్కువ భయపెట్టింది. తల్లి ఒళ్లో మెత్తగా వాలిపోయి ఉంది, పెదాలు పొడిబారి ఉన్నాయి.

"రా అమ్మా, పైకి రా. మీరందరూ నా అతిథులు. తలుపు తెరుచుకుంటుంది, నేను కనుక్కున్నాను."

మెహర్ లేచింది. పిల్లని ఎత్తుకుని లిఫ్టు వైపు పరిగెత్తింది. ఆ అమ్మాయి వెనకాల ఒకరూ, ఆ తర్వాత ఇంకొకరూ. తల్లి గురించి అరిచిన ఆయన వాళ్లమ్మని వీపున వేసుకుని నా పక్కనుంచే వెళ్లాడు. "నేను ఆగాను," అన్నాడు. అంతే అన్నాడు.

సుందర్రావుగారు కదల్లేదు. లోపల ఎలిజబెత్‌గారు మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నారు.

"మీరు పిలిస్తే రావాలా?" అన్నాడు.

"రండి సుందర్రావుగారూ. ఆవిడ కోసం."

"నిన్న ఈవిడ నా చేతుల్లో పడిపోయింది. వాడు నా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు, సగం ధరకే ఇస్తానని. డబ్బు నా దగ్గరా ఉంది. నేను పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఎందుకో తెలుసా? మీ చెల్లెలు అంత జబ్బుతో ఆగుతానంది, నాకేం రోగమని." మంచం వైపు చూశాడు. "ఇంక కాసేపు ఆగితే అయిపోయేది."

 "తిట్టండి," అన్నాను. "ఎంతైనా తిట్టండి, పడతాను. పైకొచ్చి తిట్టండి. అక్కడ చల్లగా ఉంటుంది."

 ఆయన లోపలికి వెళ్లి ఎలిజబెత్‌గారిని లేవదీశాడు. నేను సాయం పట్టబోతే మోచేత్తో అడ్డుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని నడిచారు. నేను వెనకే నడిచాను.

పది

ఆ గది ఇద్దరి కోసం కట్టింది. మంచం మీద, సోఫా మీద, నేల మీద, స్నానాలగదిలో, బాల్కనీలో, ఎక్కడ చూసినా మనుషులు. పట్టనివాళ్లు బయట నడవాలో తివాచీ మీద కూర్చున్నారు. అక్కడా చల్లగానే ఉంది. డాక్టరమ్మ వచ్చింది. బంగారు గదికి రావడం ఆవిడ విధి కదా! గుమ్మంలో నిలబడి ఒక్కసారి అందర్నీ చూసి, సంచీ కింద పెట్టి మెహర్ పిల్లతో మొదలుపెట్టింది. చెంచాతో నీళ్లు పట్టించగా పట్టించగా, ఆ పిల్ల ఉన్నట్టుండి ఆరున్నొక్క రాగం ఎత్తుకుంది. ఆ ఏడుపు విని నడవాలో ఉన్నవాళ్లంతా నవ్వారు. మెహర్ మాత్రం గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

పక్క గదుల బంగారు పట్టీల వాళ్లు తలుపులు తీసి చూశారు. ఒకావిడ తన గదిలోంచి దుప్పట్లు తెచ్చి ఇచ్చింది. మిగతావాళ్లు తిట్టారు. ఇంత డబ్బు పోసి కొన్న నడవాలో ఈ జనం ఏమిటని, డబ్బు వెనక్కి ఇవ్వమని గోడల్ని నిలదీశారు. నిరంజన్ పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఇంతమందా!"

"అతిథులు, బాబూ. పరిమితి లేదన్నారు."

అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. నవ్వు దాచుకోవడానికే అనుకుంటాను. "ఖాళీ గదులు తెరిస్తే ఈ నడవా ఖాళీ అవుతుందని దానికి నేను చెబుతాను," అన్నాడు. "నేను చెప్పినందుకు వినదు. వాళ్లు డబ్బు వెనక్కి అడుగుతున్నారు కదా, అందుకు వింటుంది."

మధ్యాహ్నం గడిచేదాకా బేరగాడి గొంతు ఎక్కడా వినపడలేదు. తర్వాత ఒక్కసారే, అందరికీ ఒకే మాటగా చెప్పింది: మూడో అంతస్తు ప్రయాణికులకి సంస్థ తరఫున మర్యాదపూర్వకంగా పై గదులు ఇస్తున్నాం. నడవా పొడుగునా తలుపుల తాళాలు ఒకదాని వెనక ఒకటి టక్కుటక్కుమన్నాయి.

అందరూ లేచి వెళ్లారు. కొందరు నాకు దణ్ణం పెట్టారు, కొందరు పెట్టలేదు. ఎలిజబెత్‌గారు నా చెయ్యి నొక్కారు. సుందర్రావుగారు నా పక్కనుంచి వెళుతూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పదకొండు

రేఖ దాటాం. గాలి మారింది. అందరూ పెట్టెల్లోంచి శాలువలు తీశారు. కింది అంతస్తుల్లో కూడా మళ్లీ చల్లగా ఉందట, ఎవరూ అక్కడికి వెళ్లడం లేదు. మెహర్ మా రెండు గదుల అవతల ఉంది, పిల్ల పాకడం మొదలుపెట్టింది. సాయంత్రాలు క్లారినెట్ వినిపిస్తుంది. నేను వెళ్లి కూర్చుంటే ఆపడు, నా వైపు చూడడు కూడా. ఖాతాలో ఏమీ లేదు కాబట్టి బేరగాడు నన్ను పలకరించడం మానేశాడు.

కస్తూరి అన్నం తింటోంది, నడుస్తోంది. నాతో మాత్రం అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. ఇవాళ పొద్దున బాల్కనీలో ఇద్దరం కూర్చున్నాం. సముద్రం బూడిదరంగులో, నూనెలా నునుపుగా ఉంది. దూరంగా తెల్లగా ఏదో తేలుతోంటే మంచుగడ్డ అన్నారెవరో.

"అక్కా," అంది అటే చూస్తూ. "మాట తప్పావు."

"తప్పాను."

"నన్ను అడిగి ఉంటే వద్దనేదాన్ని."

"నిన్ను అడిగితే మల్లెలు వచ్చాయా అన్నావు."

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఆ పిల్లకేమైనా అయ్యుంటే ఈ గదిలో నేనెలా బతికేదాన్ని? అది ఆలోచించావా?"

"లేదు. నువ్వు బతకాలని తప్ప ఇంకేం ఆలోచించలేదు."

 దాని శాలువ ఒకవైపు జారిపోతే సర్దుకోలేదు. నేను సర్దబోయి, ఒప్పుకుంటుందో లేదోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మళ్లీ అలాంటి రోజే వస్తే?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. చెబితే నమ్మేది కూడానేమో.

"మళ్లీ తప్పుతాను," అన్నాను.

కస్తూరి నా వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు, కోపం రెండూ ఉన్నాయి.

"అయితే ఇంకెప్పుడూ నాకు ప్రమాణం చెయ్యకు," అని, జారిన శాలువలో సగం తీసి నా భుజాల మీద వేసింది.